హెబ్బగోడిలో చిన్న పళ్ళేలు



బెంగళూరు నుంచి హోసూరు వైపు వెళ్ళేవాళ్ళకి ఎలక్ట్రానిక్ సిటీ దాటాక హెబ్బగోడి తగులుతుంది. ఆనేకల్ తాలూకాలోని ఊరు. రోడ్డు పక్కన బయోకాన్ మందుల కంపెనీ ఆవరణ, ఆ తర్వాత బొమ్మసంద్ర పారిశ్రామికవాడ, నారాయణ హెల్త్ సిటీ ఆసుపత్రులు, లోపల సందు సందుకీ పీజీ హాస్టళ్ళు. 2025 ఆగస్టు 10న నమ్మ మెట్రో పసుపు మార్గం మొదలయ్యాక ఇక్కడికి రావడం తేలికైంది. ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల దారి, 16 స్టేషన్లు. హెబ్బగోడి చివరి నుంచి రెండోది. అంతకుముందు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఎన్ని సాయంత్రాలు పోగొట్టుకున్నారో ఇక్కడి ఉద్యోగులని అడిగితే చెబుతారు.

ఈ చుట్టుపక్కల తెలుగు నిన్న మొన్న వచ్చింది కాదు. హోసూరు, ఆనేకల్ ప్రాంతాల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలున్నాయి. వాళ్ళకి తోడు రాయలసీమ, కోస్తా, తెలంగాణల నుంచి ఉద్యోగాలకి వచ్చిన పిల్లలు. అందుకే ఇక్కడ ఆంధ్రా మెస్సులకి కొదవ లేదు. ఆకులో పప్పు, పొడి, నెయ్యి, అడగకుండానే మారు అన్నం. ఈ మెస్సుల మధ్యనే ఈమధ్య ఏషియన్ ఫ్యూజన్ అని బోర్డు పెట్టుకున్న రెస్టారెంట్లు వెలుస్తున్నాయి. చైనా, జపాన్, థాయ్‌లాండ్, కొరియా వంటలని ఒకే మెనూలో, ఒక్కోసారి ఒకే పళ్ళెంలో కలిపి వండి, నలుగురూ పంచుకు తినేలా చిన్న చిన్న పళ్ళేలలో పెడతారు. అలాంటి ఒకచోట మా చెల్లెలితో, ఆమెతో పనిచేసే పిల్లలతో కూర్చుని నేను తిన్న వాటి గురించి ఈ రోజు మాట్లాడతాను. ఆ బల్ల మీదికి వచ్చిన దాదాపు ప్రతి పళ్ళెంలోనూ తెలుగువాళ్ళ చెయ్యి ఎక్కడో ఒకచోట ఉందని నాకు అనిపించింది. ఆ సంగతి మెనూలో ఎక్కడా రాసి లేదు. చెప్పాలని ఉంది.

ముందు తినే పద్ధతి. మనకి భోజనమంటే అన్నం. పప్పయినా, పులుసయినా, వేపుడయినా అన్నం చుట్టూనే తిరుగుతాయి. చిన్న పళ్ళేల భోజనంలో ఆ ఆధారం ఉండదు. ఒకటి వస్తుంది, తలా రెండు ముక్కలు తింటారు, అది ఖాళీ అయ్యేలోపు ఇంకోటి వస్తుంది. దక్షిణ చైనాలో కాంటన్ ప్రాంతపు టీ హోటళ్ళలో డిమ్‌సమ్ తినేది ఇలాగే. జపాన్‌లో పని దిగి వచ్చినవాళ్ళు ఇజకాయలనే పానశాలల్లో కూర్చుని తినేదీ ఇలాగే. మనవాళ్ళు కూర్చోగానే నచ్చినవన్నీ ఒక్కసారే చెప్పేస్తారు. అన్నీ ఒక్కసారే వచ్చి, సగం చల్లారిపోతాయి. ఆవిరి మీద ఉడికిన డంప్లింగు వేడి తగ్గితే పైపొర గట్టిపడి దంతాలకి అంటుకుంటుంది. అందుకని రెండేసి చొప్పున తెమ్మని చెప్పాలి. పచ్చి కూరల సలాడు, ఆవిరి మీద ఉడికినవి ముందు, వేయించినవి తర్వాత, సాస్‌లో ముంచి తేల్చినవి ఆఖరున. ఈ వరుస తప్పితే మొదట తిన్న ఘాటు నాలుక మీద నిలిచి, మెత్తని రుచులేవీ తెలియవు.

మేం మొదట తెప్పించింది సోమ్ తామ్. థాయ్‌లాండ్ వాళ్ళ పచ్చి బొప్పాయి సలాడు. దీని గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే తెలుగు వంటింటికి ఇంత దగ్గరగా ఉన్న విదేశీ పళ్ళెం ఇంకోటి నాకు తెలియదు. మట్టి రోలులో వెల్లుల్లి, పచ్చిమిరప వేసి చెక్క రోకలితో దంచుతారు. తాటిబెల్లం, నిమ్మరసం, చేపల ఊట సాస్ కలుపుతారు. పొడుగు చిక్కుడు లాంటి బొబ్బర్ల కాయలు, టమాటా వేసి పైపైన నలుపుతారు. సన్నగా తరిగిన పచ్చి బొప్పాయి, ఎండు రొయ్యలు, వేయించిన వేరుశనగ పప్పు వేసి కలుపుతారు. ఇందులో ఏది మనకి కొత్త? రోలు ఉంది, తాటిబెల్లం ఉంది, ఎండు రొయ్యలు ఉన్నాయి. గోదావరి, కృష్ణా జిల్లాల్లో వంకాయలోనూ గోంగూరలోనూ ఎండు రొయ్యలు పడకపోతే ఆ కూరకి అందం రాదు. చేపల ఊట సాస్ ఒక్కటే మనం వాడనిది. రోటి పచ్చడి ఎరిగినవాళ్ళకి సోమ్ తామ్ మొదటి ముద్దకే అర్థమైపోతుంది: పులుపు, కారం, తీపి, ఉప్పు ఒకదాని వెనక ఒకటి రావాలి, ఏదీ మరొకదాన్ని మింగెయ్యకూడదు. మాకు వచ్చిన పళ్ళెంలో తీపి ఒక పిసరు ఎక్కువైంది. బొప్పాయి మాత్రం కరకరలాడింది, అప్పుడే దంచి తెచ్చారని తెలిసింది.

పచ్చి బొప్పాయి అనగానే హెబ్బగోడిలో ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. పచ్చికాయకి గాటు పెడితే కారే పాలలో పపైన్ అనే ఎంజైము ఉంటుంది. మాంసాన్ని మెత్తబరిచేది అదే. కబాబులకీ ముదురు మాంసానికీ మన ఇళ్ళలో బొప్పాయి ముద్ద పట్టించేది అందుకే. 1978లో కిరణ్ మజుందార్ షా బెంగళూరులో ఒక అద్దె గ్యారేజీలో బయోకాన్ మొదలుపెట్టినప్పుడు తయారుచేసిన తొలి సరుకుల్లో ఈ పపైన్ ఒకటి. ఆమె చదివింది ఆస్ట్రేలియాలోని బాలరాట్‌లో, బీరు కాచే విద్య. ఆడపిల్లకి ఆ పని ఇచ్చేందుకు ఇక్కడి కంపెనీలు ముందుకు రాకపోవడంతో పులియబెట్టే శాస్త్రాన్ని వేరే దారి పట్టించారు. తర్వాతి ఏళ్ళలో బయోకాన్ పరిశోధకులు పట్టు సాధించిన పద్ధతుల్లో ఒకటి, గట్టి ధాన్యం మీద బూజుని పెంచి దానితో ఎంజైములు తీయించడం.

బల్ల మీదున్న సోయా సాస్ కూడా పుట్టేది అలాగే. ఉడికించిన సోయా గింజలు, వేయించి నలగ్గొట్టిన గోధుమలు కలిపి, వాటి మీద ఆస్పర్‌గిల్లస్ ఒరైజే అనే బూజుని రెండు మూడు రోజులు పెంచుతారు. జపాన్‌లో దాన్ని కోజీ అంటారు. ఆ కోజీని ఉప్పునీళ్ళలో వేసి నెలల తరబడి వదిలేస్తే, బూజు విడిచిన ఎంజైములు గింజలోని మాంసకృత్తులని విరిచి ఆ నల్లని సారం తీస్తాయి. మంచి సాస్‌కి ఆరు నెలలు, ఏడాది పడుతుంది. రసాయనాలతో నాలుగు రోజుల్లో తీసే చౌక సాస్ కూడా బజారులో ఉంది. తేడా తెలియాలంటే ఏమీ కలపని సాస్‌ని ఒక్క చుక్క నాలుక మీద వేసుకోండి. చౌకరకం ఉప్పుగా తగిలి అక్కడితో ఆగిపోతుంది. నిజంగా పులిసినదైతే ఉప్పు తర్వాత చిన్న తీపి, దాని తర్వాత మాంసం లాంటి నిండుతనం వస్తాయి. ఆ నిండుతనాన్ని 1908లో టోక్యోలో కికునే ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి విడదీశాడు. అది గ్లుటమేట్ అని తేల్చాడు. మన టమాటా పప్పుకి ఆ రుచినిచ్చేదాంట్లో అదీ ఉంది. ఒక బూజు చేసే పనిని ఒక ఊళ్ళో మందుల శాస్త్రంగానూ, అదే ఊళ్ళో సాయంత్రం పూట పళ్ళెంలోనూ చూడగలగడం నాకు చాలా గొప్పగా తోచింది.

తర్వాత రొయ్యల డంప్లింగులు వచ్చాయి. గోధుమ పిండిలోంచి తీసిన గంజిపొడి, కర్రపెండలం పిండి కలిపి పలచగా ఒత్తిన పొర; లోపలి రొయ్య గులాబీ రంగులో బయటికి కనిపిస్తుంది. ఆ రొయ్య ఏ చెరువుదో ఆ హోటల్లో ఎవరూ చెప్పలేకపోయారు. కానీ మన దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 2009లో వెనామీ రకం పెంచడానికి అనుమతి వచ్చాక భీమవరం చుట్టుపక్కల వరిచేలు కూడా చెరువులయ్యాయి. ఆ రైతుల సరుకులో ఎక్కువభాగం గడ్డకట్టించి అమెరికాకి, చైనాకి, జపాన్‌కి పంపుతారు. ధర పడితే, వైరసు సోకితే ఆ చెరువుగట్టు మీద ఏం జరుగుతుందో అక్కడ బంధువులున్నవాళ్ళకి తెలుసు. రొయ్య ఎక్కడిదో మెనూలో ఒక్క మాట రాస్తే ఆ హోటలుకి పోయేదేమీ లేదు.

డంప్లింగు పక్కన గిన్నెలో ఎర్రని మిరప నూనె. ఇక్కడ నేను మరింత గట్టిగా మాట్లాడతాను. గుంటూరు యార్డులోనూ ఖమ్మంలోనూ అమ్ముడయ్యే తేజ రకం మిర్చికి అతిపెద్ద విదేశీ గిరాకీ చైనాది. ఆ మిర్చి అక్కడికి వెళ్ళి రంగుగా, ఘాటుగా, నూనెగా మారుతుంది. సిచువాన్ వంట అని మనం ఆశ్చర్యంగా తినే కారంలో మన నల్లరేగడి పంట కలిసి ఉండే అవకాశం ఎంతైనా ఉంది. అసలు మిరప మనదీ కాదు, చైనాదీ కాదు. పోర్చుగీసు ఓడల మీద అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో ఆసియాకి వచ్చింది. కొరియావాళ్ళ కిమ్చీకి ఎరుపు వచ్చింది కూడా ఆ తర్వాతే. అంతకుముందు అది ఉప్పులో ఊరిన తెల్లని కూర. ఇంకో భూఖండం నుంచి వచ్చిన కాయని ఇంత సొంతం చేసుకున్నవాళ్ళం, ఫ్యూజన్ అంటే మొహం చిట్లించడం తగదు.

కిమ్చీ అన్నాను గనక శాకాహారులకి ఒక హెచ్చరిక. కిమ్చీలో తరచు చేపల సాస్, ఉప్పు రొయ్యలు వేస్తారు. కూరగాయల వేపుడు అనిపించేదాంట్లో ఆయిస్టర్ సాస్ ఉండవచ్చు. మిసో సూపుని మామూలుగా ఎండు చేప తరుగుతో కాచిన నీళ్ళతో చేస్తారు. సోమ్ తామ్ సంగతి ఇందాక చెప్పాను. పచ్చ చుక్క చూసి ఊరుకోకుండా ఈ నాలుగింటి గురించీ పేరుపేరునా అడగండి. చేపల సాస్ బదులు సోయా, ఆయిస్టర్ బదులు పుట్టగొడుగుల సాస్ వాడే వీలుంది. అడిగితే చాలాచోట్ల చేసి పెడతారు. వేరుశనగ, రొయ్య, నువ్వులు పడనివాళ్ళయితే ముందే చెప్పాలి.

పంచుకునే బల్ల మీద ఎవరో ఒకరు గోబీ మంచూరియా తెప్పించకుండా ఉండరు. తెప్పించారు. దాన్ని చిన్నచూపు చూసే అలవాటు నాకు నచ్చదు. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో, కొత్తగా ఏమైనా చెయ్యమని అడిగినవాళ్ళకి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా బదులు సోయా సాస్ పోసి, మొక్కజొన్న పిండితో చిక్కబరిచి చికెన్ మంచూరియన్ చేశాడు. ఆయన వెనక కోల్‌కతా టాంగ్రాలోని హక్కా చైనీయుల చరిత్ర ఉంది. తోళ్ళు శుద్ధిచేసే పనికి వచ్చి స్థిరపడినవాళ్ళు, 1962లో చైనాతో యుద్ధం తర్వాత అనుమానాలకి గురైనవాళ్ళు; అప్పుడు దేశంలోని చైనా సంతతివాళ్ళు వేలమంది రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధం అనుభవించారు. వాళ్ళు మనకి ఇచ్చిన వంట చికెన్ నుంచి గోబీకి మారి, కర్ణాటకలో ప్రతి వీధి మలుపుకీ చేరింది. అంత ప్రేమతో తినే పదార్థానికి పూసిన రంగు మీద నాకు కోపం. 2024 మార్చిలో కర్ణాటక ఆరోగ్యశాఖ 171 గోబీ మంచూరియా నమూనాలు పరీక్షిస్తే 107 నమూనాల్లో ప్రమాదకరమైన కృత్రిమ రంగులు బయటపడ్డాయి. వెంటనే అలాంటి రంగులని రాష్ట్రమంతా నిషేధించారు. మా బల్ల మీదికి వచ్చిన గోబీ గోధుమరంగులో ఉంది. సోయా సాస్‌తో చేస్తే వచ్చే రంగు అదే. పక్క బల్ల పిల్లాడు ఎర్రగా లేదని పేచీ పెడుతుంటే వాళ్ళ అమ్మ ఓపిగ్గా సర్దిచెప్పింది, ఆవిడంటే నాకు గౌరవం కలిగింది.

ఆఖరున బర్మా నూడుల్సు, ఖావ్ సుయే. కొబ్బరిపాల పులుసు, శనగపిండితో చిక్కబరిచింది. పైన వేయించిన ఉల్లి, వెల్లుల్లి, నిమ్మచెక్క. ఈ పళ్ళెం దగ్గర మనం ఊరికే తిని లేవకూడదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ నుంచి, శ్రీకాకుళం నుంచి తెలుగు కూలీలు తరాలపాటు బర్మాకి ఓడలెక్కారు. రంగూన్ రేవులో బరువులు మోసింది వాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసింది వాళ్ళు. కోరంగీలని పిలిచేవారు వాళ్ళని. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాదే, 1930 మే నెలలో, రేవులోని తెలుగు కూలీల సమ్మె తర్వాత చెలరేగిన అల్లర్లలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ దాడికి కాలినడకన అడవులు దాటి వచ్చినవాళ్ళున్నారు. 1962లో సైన్యాధిపతి నే విన్ అధికారంలోకి వచ్చి, 1964లో దుకాణాలని జాతీయం చేశాక, మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట వాళ్ళ వల్లే ఏర్పడింది. చెన్నైలో 1969లో వెలసిన బర్మా బజారు అలా వచ్చిన తమిళులది; ఇవాళ్టికీ ఆ దగ్గర బండ్ల మీద అథో అమ్ముతారు. నూడుల్సు, క్యాబేజీ, చింతపండు రసం, వేయించిన ఉల్లి, కారం చేత్తో కలిపి, పక్కన అరటిదూట సూపుతో ఇస్తారు. ఖావ్ సుయేకి మెనూలో ఇచ్చిన వివరం ఒక్కటే: విదేశీ రుచి. మన తాతల కాలంలో రేవుపని ముగించుకుని తెలుగువాళ్ళు ఎదుట చూసిన వంట అది.

ఇక, ఈ పళ్ళేలన్నీ వండినవాళ్ళ సంగతి. వంటగదిలోనూ వడ్డనలోనూ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది మణిపూర్, మిజోరం, డార్జిలింగ్, నేపాల్ నుంచి వచ్చినవాళ్ళు. బెంగళూరులో ఇలాంటి హోటళ్ళలో సాధారణంగా కనిపించేది ఇదే. 2012 ఆగస్టులో ఫోన్ సందేశాలుగా పాకిన పుకార్లకి భయపడి, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు వేలమంది రెండు మూడు రోజుల్లో బెంగళూరు స్టేషన్ నుంచి గువాహటి రైళ్ళెక్కారు. ఆ ఫోటోలు చూసినవాళ్ళు మర్చిపోలేరు. చాలామంది తిరిగి వచ్చారు. వాళ్ళ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇప్పుడు హెబ్బగోడిలో మనకి మోమోలు మడిచి పెడుతున్నారు.

మాకు వడ్డించిన అబ్బాయిది ఇంఫాల్ దగ్గరి ఊరు. మీ ఇంట్లో ఏం వండుకుంటారు బాబూ అని అడిగితే ఎరోంబా గురించి చెప్పాడు. ఉడికించిన ఆలుగడ్డలు, కూరగాయలు, ఎండుమిర్చి, ఙారీ అనే పులిసిన చేప కలిపి మెదిపిన పచ్చడి లాంటి వంట. సింగ్జూ గురించీ చెప్పాడు: క్యాబేజీ, తామరకాడ సన్నగా తరిగి, వేయించిన శనగపిండి, కారం వేసి చేత్తో కలిపే సలాడు. వింటుంటే రోలు ఉంది, కారం ఉంది, పులిసిన చేప ఉంది, బర్మా వంటల శనగపిండీ ఉంది. ఉండకేం, మణిపూర్‌లోని మోరే పట్టణం నుంచి బర్మా గడ్డ నడిచి వెళ్ళేంత దూరమే. బర్మా నుంచి తరిమేస్తే తిరిగి అక్కడికే పోదామని నడిచి, సరిహద్దు దాటలేక ఆగిపోయిన తమిళ కుటుంబాలు ఇప్పటికీ మోరేలో ఉన్నాయి.

ఆ హోటలు మెనూ రెండు వైపులా నిండుగా ఉంది. బ్యాంకాక్ ఉంది, సోల్ ఉంది, ఒసాకా ఉంది. ఇంఫాల్ లేదు. వండేవాళ్ళ ఊరిని పక్కన పెట్టి ఆసియా అంతా తిప్పే మెనూ నాకు అసంపూర్ణంగా తోచింది. లేచేముందు యజమానితో ఆ మాటే అన్నాను. ఎరోంబా పెడితే ఎవరు తింటారండీ అన్నారాయన. మీ పక్క వీధిలో మూడు ఆంధ్రా మెస్సులున్నాయి, ఎండుమిర్చి, ఎండుచేప తినేవాళ్ళు అక్కడ రోజూ వరుసలో నిలబడుతున్నారు, ఒక చిన్న పళ్ళెంలో పెట్టి చూడండి అన్నాను. ఆలోచిస్తానన్నారు. పెట్టిన రోజున నేను మొదట తెప్పించేది అదే.